వెదకినను దొరకని పుటలు
(వెబ్‌సైట్లు పోగొట్టుకొన్న పాఠకులను తిరిగి పొందిన చరిత్ర)

1934వ సంవత్సరమున హైదరాబాదునుండి ‘గోలకొండ కవుల సంచిక’ అను గ్రంథము వెలువడినది. దానిని కూర్చినవారు పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు. తెలంగాణమున తెలుగు కవులు లేరను అభిప్రాయము ఆ రోజులలో ప్రకటింపబడగా, దానికి సమాధానముగా ఈ గ్రంథము పుట్టినది. ప్రతాపరెడ్డిగారు ఉత్త మాటలతో సరిపుచ్చలేదు. ఊరూరి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 మంది కవులను ఒకచోట చేర్చి అచ్చు వేయించిరి. కవులు అంతకు ముందును ఉండిరి. లేనిది వారి పట్టిక మాత్రమే. పట్టికలో లేనివాడు లోకము దృష్టిలో లేనివాడే యయ్యెను.

నేడు అట్టి పట్టికను వ్రాయునది మనుష్యుడు కాదు. సెర్చ్ ఇంజను అను శోధన యంత్రము. అంతర్జాలమున ఏ విషయము కావలసినను జనులు మొదట దానినే అడుగుచున్నారు. అది చూపిన పేజీ యున్నట్లు, చూపనిది లేనట్లు లెక్క. చిరకాలము పాఠకులు వచ్చిన వెబ్‌సైటు ఒకానొక దినమున ఉన్నట్టుండి వెలవెలబోవుట తరచుగా జరుగుచున్నది. వ్రాసిన విషయము అక్కడనే యుండును. పాఠకులు మాత్రము రారు.

ఈ నష్టమెంతటిదో ఒక ఉదాహరణమువలన తెలియును. నల్లగొండ జిల్లా భూగర్భజలములలోని ఫ్లోరైడును గూర్చి విననివారుండరు. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్లలో కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. నేడు నీరి యని పిలువబడు నాగపూరులోని పరిశోధన సంస్థ దీనిని రూపొందించినది. ఇతర దేశముల గ్రంథములలో సైతము ఈ పద్ధతి నల్లగొండ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. మర్రిగూడ వైపు ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఈ పద్ధతిని చక్కని తెలుగులో వివరించి, పాఠశాల వెబ్‌సైటున ఉంచెననుకొందము. అదే మండలములోని విద్యార్థి వెదకినపుడు ఆ పేజీ కనబడకున్నచో, దానిని వ్రాసిన ఫలమేమి? ఈ ఊహింపబడిన పేజీనే ఉదాహరణముగా పెట్టుకొని, వెబ్‌సైట్లు పాఠకులను ఎట్లెట్లు పోగొట్టుకొనెనో, ఎట్లు తిరిగి పొందెనో పరిశీలింపవచ్చును.

సూచిక పనిచేయు విధము

పెద్ద గ్రంథముల చివర పదసూచిక యుండును. ‘ఫ్లోరైడు — 42, 87, 113’ అని అందు వ్రాసియుండును. పుస్తకమంతయు తిరుగవేయకుండ ఆ పుటలను మాత్రము చూచుకొనవచ్చును. సెర్చ్ ఇంజను చేయు పనియు ఇదియే. అందు మూడు మెట్లు కలవు. మొదట క్రాలరు అను ప్రోగ్రాము లింకు వెంట లింకు పట్టుకొని పేజీనుండి పేజీకి పోవుచు చదువును. రెండవది, చదివిన ప్రతి పదమునకు ఎదురుగా ఆ పదమున్న పేజీల చిరునామాలను సూచికలో చేర్చును. మూడవది, ఎవరైన ఒక మాట అడిగినపుడు సూచిక తీసి, అందలి పేజీలను ఒక వరుసలో నిలిపి చూపును. సెర్చ్ ఇంజను అడిగినప్పుడెల్ల లోకమును గాలించుటలేదనియు, తాను ముందుగా వ్రాసికొన్న సూచికను మాత్రమే చూచుచున్నదనియు పాఠకులు గమనింపవలెను. ముందు చెప్పబోవు విషయములన్నిటికి ఇదియే కీలకము.

ఈ యంత్రముల చరిత్ర 1990లో మొదలైనదని చెప్పవచ్చును. ఆ యేడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆలన్ ఎమ్‌టేజ్ అను విద్యార్థి ‘ఆర్చీ’ యను సాధనమును తయారుచేసెను. అది ఫైళ్ల పేర్లను మాత్రమే పట్టిక వేసెడిది. 1994లో వచ్చిన ‘వెబ్‌క్రాలర్’ పేజీలోని మాటలన్నిటిని సూచికలో చేర్చెను. 1995 డిసెంబరులో ‘ఆల్టావిస్టా’ వెలువడినది. సూచికలు పెరిగినకొలది క్రొత్త చిక్కు పుట్టినది. ఒక మాటకు వేలకొలది పేజీలు దొరకుచుండగా, వానిలో ముందు చూపవలసినది ఏది?

దీనికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు ఒక ఉపాయము కనుగొనిరి. ఊరిలో ఒకనిని నమ్మవచ్చునా యని తెలిసికొనుటకు, అతనిని మెచ్చువారెందరు, ఆ మెచ్చువారిలో పెద్దమనుషులెందరు అని విచారింతుము. అట్లే ఒక పేజీకి ఎన్ని యితర పేజీలు లింకు నిచ్చినవి, ఆ యిచ్చిన పేజీల విలువ యెంత అని లెక్కించి వరుస నిర్ణయించుటయే ‘పేజ్‌ర్యాంక్’. ఈ పద్ధతిపై ఆధారపడి 1998 సెప్టెంబరులో గూగుల్ సంస్థ ఏర్పడినది.

కాబట్టి ఒక పేజీ పాఠకుని చేరుటకు మూడు వాకిళ్లు దాటవలెను. యంత్రము దానిని చదువగలుగవలెను. సూచికలో సరియైన పేరుతో, సరియైన చిరునామాతో చేర్చుకొనవలెను. వరుసలో మంచి స్థానమీయవలెను. పోయిన పాఠకులను తిరిగి పొందుటయనగా, ఏ వాకిట అడ్డము పడినదో కనిపెట్టి దానిని తొలగించుటయే.

మొదటి నష్టము: లిపి

తెలుగు వెబ్‌సైట్లకు తొలినాళ్లలో కలిగిన నష్టము విచిత్రమైనది. వాని పేజీలు కంటికి చక్కగా కనబడెడివి. యంత్రమునకు మాత్రము ఒక్క తెలుగు అక్షరమును కనబడెడిది కాదు.

కంప్యూటరు అక్షరములను గుర్తించదు. సంఖ్యలను మాత్రమే గుర్తించును. ఇంగ్లీషులోని మొదటి పెద్ద అక్షరమునకు 65 అను సంఖ్య యేర్పడియున్నది. 1990 దశకము చివర తెలుగు పత్రికలు అంతర్జాలమున అడుగిడినపుడు, పాఠకుల కంప్యూటర్లలో తెలుగు సంఖ్యలకు తావు లేకపోయెను. అందుచేత ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకు ఎదురుగా తెలుగు అక్షరముల ముక్కలను బొమ్మలుగా గీసిన ఫాంట్లను వాడిరి. ఈనాడు, వార్త మొదలైన పత్రికలలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఫాంటు ఉండెడిది. ఒకదానిలో తలకట్టు బొమ్మయున్న సంఖ్యకు మరియొకదానిలో ఒత్తు బొమ్మ యుండెడిది. తెరపై ‘నల్లగొండ’ యని చదువబడిన మాట యంత్రమునకు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడెడిది. రెండు పత్రికలలోని ఒకే మాట రెండు వేర్వేరు గుంపులుగా నుండెడిది. ఇట్టి పుటలలో ‘నల్లగొండ’ యని వెదకినచో సున్నయే ఫలితము.

మందు అప్పటికే తయారైయుండెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఈ లెక్కలో ‘నల్లగొండ’ యనగా 3112, 3122, 3149, 3122, 3095, 3146, 3074, 3105 అను ఎనిమిది సంఖ్యల వరుస. న, ల, పొల్లు, ల, గ, ఒత్వము, సున్న, డ అనునవి వరుసగా ఆ సంఖ్యలు. ఏ ఫాంటుతో చూపినను, ఏ దేశములో చూచినను ఆ సంఖ్యలు మారవు. అయితే ఇండ్లలోని కంప్యూటర్లకు ఈ లిపి చేరుటకు మరి పదియేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అను యూనికోడ్ ఫాంటు లభించినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే మొదలైనది. దానికి తొలి రూపమిచ్చిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలోని పత్రికల పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చూపు ‘పద్మ’ యను సాధనమును గూడ తయారుచేసిరి.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. ‘పద్మ’ మార్చునది పాఠకుని తెరపైని అక్షరములను. సెర్చ్ ఇంజను చదువునది వెబ్‌సైటు తన యింట దాచియుంచిన అక్షరములను. పాఠకుని కష్టము తీరినను సూచికలోని లోపము తీరలేదు. వెబ్‌సైటువారే తమ పాత పుటలను యూనికోడ్‌లోనికి మార్చి మరల ఉంచినపుడు మాత్రమే అవి సూచికకు ఎక్కినవి. పైన ఊహించిన ఫ్లోరైడు పేజీ పాత ఫాంటులో నున్నచో, దానికి తక్కిన చికిత్సలేవియు పనికిరావు. ముందు లిపి మారవలెను. మార్చినపిమ్మట ఒక్కొక్క పుటను ఓపికతో చదివి చూడవలెను. ఏలయనగా మార్పు సాధనములు ఒత్తులను, గుణింతములను అప్పుడప్పుడు తారుమారు చేయును.

రెండవ నష్టము: పేరు

లిపి సరియైనను పేరు సరిపడకపోవచ్చును. నల్లగొండ, పాలమూరు జిల్లాలు దీనికి మంచి ఉదాహరణములు. ‘నల్లగొండ’ యని కొందరు, ‘నల్గొండ’ యని కొందరు వ్రాయుచున్నారు. మొదటిదానికి ఎనిమిది సంఖ్యలు, రెండవదానికి ఏడు. మరికొందరు గకారము ఒత్తుగా మారకుండుటకై ‘నల్‌గొండ’ యని విడదీసి వ్రాయుదురు. ఇట్లు విడదీయుటకు పొల్లు తరువాత 8204 అను సంఖ్యగల కనబడని గుర్తు ఒకటి చేర్చవలెను. కంటికి కనబడకున్నను యంత్రమునకు అదియు ఒక అక్షరమే. ‘మహబూబ్‌నగర్’ అను మాటలోను ఆ గుర్తే యున్నది. ఈ పట్టణము పాత పేరు పాలమూరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట 1890లో మహబూబ్‌నగరమైనది. ఇంగ్లీషులో ఈ పేరు కనీసము మూడు విధములుగా వ్రాయబడుచున్నది. నల్లగొండకు నీలగిరియని పూర్వనామము కలదు. కాని ఆ పేరుతో వెదకినవారికి తమిళనాడులోని కొండలు ఎదురగును. యాదగిరిగుట్ట కొన్నేండ్లు యాదాద్రిగా వ్యవహరింపబడి, 2024లో మరల యాదగిరిగుట్టయని ప్రకటింపబడినది.

నేటి సెర్చ్ ఇంజన్లు ఇట్టి రూపభేదములను కొంతవరకు గుర్తించుచున్నవి. పెద్ద పట్టణముల పేర్లకు ఇది సాధ్యమే. చిన్న పల్లెల పేర్లను వెదకువారు కొద్దిమంది యగుటచేత, రెండు రూపములు ఒకటేయని యంత్రము నేర్చుకొనుటకు తగిన ఆధారము దొరకదు. కాబట్టి పేజీ వ్రాయువారే ఆ ఆధారము నీయవలెను. ‘నల్లగొండ పద్ధతి’ యని శీర్షిక పెట్టినవారు, మొదటి పేరాలో ‘నల్గొండ’ యను రూపమును, ఇంగ్లీషు పేరును ఒక్కొక్కసారి సహజముగా పేర్కొన్నచో చాలును. తెలుగు వికీపీడియాలో ఇందుకై ‘దారిమార్పు’ పేజీలు కలవు. ఒక రూపమును అడిగినవాడు అసలు వ్యాసమునకు చేరును. ఒకే మాటను పేజీ నిండ పదేపదే గుప్పించుట మాత్రము తగదు. దాని ఫలితము ముందు చెప్పబడును.

మూడవ నష్టము: చిరునామా

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2016 అక్టోబరు 11న జిల్లాలు పునర్విభజింపబడినవి. పాత నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు. పాత మహబూబ్‌నగరమునుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు వేరైనవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినది. ఊళ్లు కదలలేదు, వాని పేర్లకు ముందున్న జిల్లా మారినది. ఇట్టి మార్పులు జరిగినపుడు వెబ్‌సైట్ల చిరునామాలును మారుట సహజము. జిల్లా పేరుతో, రాష్ట్రము పేరుతో కూడిన చిరునామాలు మార్చబడినపుడు, పాత చిరునామాను సూచికలో వ్రాసికొన్న యంత్రము అక్కడికి పోయి చూచును. ఏమియు లేకున్నచో ‘404’ అను జవాబు వచ్చును. కొన్నిమార్లు అట్లు జరిగినపిమ్మట ఆ పేజీని సూచికనుండి కొట్టివేయును. దానికి ఇతరులిచ్చిన లింకుల విలువయు దానితోనే పోవును.

ఇల్లు మార్చుట ఎట్లో పాలమూరు జిల్లాయే ఒకప్పుడు చూపినది. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయ ముండెడిది. శ్రీశైలము జలాశయమున అది మునుగునని తెలిసి, ఆలయమును విప్పి, రాళ్లను ఆలంపురమునకు చేర్చి, మరల పూర్వపు రూపమున నిలిపిరి. ఇట్టి పనిలో ప్రతి రాతికి గుర్తు వేయవలెను. ఏ వరుసలోని ఏ రాయి ఎక్కడనుండి వచ్చినదో, ఎక్కడికి పోవలెనో వ్రాసియుంచనిదే గుడి మరల గుడి కాదు, రాళ్ల కుప్ప యగును.

వెబ్‌సైటును తరలించుటయు ఇట్లే. పాత చిరునామాల పట్టిక వేసి, ప్రతి దానికి ఎదురుగా క్రొత్త చిరునామా వ్రాయవలెను. తరువాత పాత చోట ‘301’ అను సంకేతముతో శాశ్వత దారిమార్పు నిలుపవలెను. ఇల్లు మారినవారు తపాలా కార్యాలయమున క్రొత్త చిరునామా నిచ్చినచో పాత చిరునామాకు వచ్చిన ఉత్తరములు వెంట వచ్చినట్లు, పాఠకులును, లింకుల విలువయు క్రొత్త చోటికి వచ్చును. అన్ని పాత పేజీలను ఒక్క ముఖపత్రమునకే మళ్లించుట పెద్ద తప్పు. ఫ్లోరైడును గూర్చి వెదకి వచ్చినవాడు పాఠశాల ముఖపత్రము చూచి వెనుదిరుగును. వెబ్బును సృష్టించిన టిమ్ బర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసమున, చిరునామాలు మార్చకుండునట్లు ముందుగానే యోచించి పెట్టవలెనని హెచ్చరించెను.

పట్టిక వేయకయే తరలించినవారికిని కొంత ఆశ కలదు. అమెరికాలో బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వెబ్ పేజీల ప్రతులను భద్రపరచుచున్నది. 2001లో ‘వేబ్యాక్ మెషీన్’ పేరుతో వానిని అందరికి చూపనారంభించెను. పోయిన వెబ్‌సైటు పాత చిరునామాలను, కొన్నిసార్లు పాత పుటలను సైతము, అందుండి తిరిగి సేకరింపవచ్చును.

తరలింపులో జరుగు మరియొక పొరపాటు మిక్కిలి చిన్నది, మిక్కిలి హానికరమైనది. క్రాలర్లు ఎక్కడికి రాకూడదో తెలుపు ‘రోబోట్స్’ అను చిన్న ఫైలును 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించెను. క్రొత్త వెబ్‌సైటు కట్టుచున్నపుడు, సగము పని లోకమునకు కనబడకుండుటకై ‘ఎవరును రావలదు’ అని అందొక పంక్తి వ్రాయుదురు. పని ముగిసినపిమ్మట దానిని తీసివేయ మరతురు. గృహప్రవేశము జరిగినను గుమ్మమునకు తాళము తీయనట్లు! వెబ్‌సైటు తరలించినపిమ్మట పాఠకులు తగ్గినచో, మొట్టమొదట ఆ పంక్తిని చూడవలెను.

నాల్గవ నష్టము: స్థానము

లిపి, పేరు, చిరునామా మూడును సరిగా నున్నను, వరుసలో వెనుకబడుటచేత పాఠకులు పోవచ్చును. ఈ చరిత్రలో మోసమునకును పాలు కలదు.

లింకులను బట్టి విలువ కట్టుదురని తెలిసినంతనే లింకులు కొనువారును, అమ్మువారును బయలుదేరిరి. మాటలను గుప్పించినచో ముందు వరుస దొరకునని కొందరు పేజీలను మాటలతో నింపిరి. వీనిని అరికట్టుటకు గూగుల్ తన లెక్కలను మార్చుచు వచ్చినది. 2003 నవంబరున ‘ఫ్లోరిడా’ యని పేరుపడిన మార్పుతో అనేక వ్యాపార వెబ్‌సైట్లు ఒక్కసారిగా వెనుకబడినవి. 2006 ఫిబ్రవరిలో జర్మనీలోని బీఎండబ్ల్యూ కార్ల సంస్థ వెబ్‌సైటు సూచికనుండియే తొలగింపబడెను. యంత్రమునకు ఒక పేజీని, మనుష్యులకు వేరొక పేజీని చూపుటయే దాని తప్పు. ఆ దొంగవాకిలి పేజీలను తీసివేయగా కొద్ది దినములలో దానిని మరల చేర్చుకొనిరి. 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణముల సంస్థకై వేలకొలది కొనుగోలు లింకులున్నట్లు న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టగా, గూగుల్ ఆ సంస్థ పేజీలను వెనుకకు నెట్టెను. ఆ లింకులను తొలగించుకొనిన సుమారు మూడు నెలలకు శిక్ష ముగిసెను.

అదే 2011 ఫిబ్రవరిలో ‘పాండా’ యను మార్పు వచ్చినది. దానిని రూపొందించుటలో ముఖ్యుడైన నవనీత్ పాండా అను ఇంజనీరు పేరే దానికి పెట్టిరి. ఇతరుల వ్రాతలను ఎత్తివ్రాసిన, పసలేని పేజీలు వెనుకబడుట దీని ఫలము. అమెరికాలోని ప్రశ్నలలో సుమారు 12 శాతమునకు దీనివలన ఫలితములు మారినవని గూగుల్ ప్రకటించెను. 2012 ఏప్రిల్‌లో వచ్చిన ‘పెంగ్విన్’ కృత్రిమ లింకులను పట్టినది. ఇది యెప్పుడో ఒకసారి తిరిగి లెక్క వేయబడెడిది. 2014 అక్టోబరు లెక్క తరువాత మరల 2016 సెప్టెంబరు వరకు లెక్క జరుగలేదు. ఆ మధ్య తప్పు దిద్దుకొన్నవారు సైతము సుమారు రెండేండ్లు వేచియుండవలసి వచ్చెను. 2016 నుండి ఈ లెక్క ఎడతెగక సాగుటచేత అంత కాలము వేచియుండనక్కరలేకపోయినది.

ఈ చరిత్రనుండి తేలునది ఒకటి. సాంకేతికమైన అడ్డము తొలగించినచో పాఠకులు దినములలో, వారములలో తిరిగి రావచ్చును. పేజీలోని పసను గూర్చి యంత్రమునకు ఏర్పడిన అభిప్రాయము మారుటకు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు పూర్వస్థితి రానేరాదు. అట్టి చోట ఉపాయములు పనిచేయవు, పేజీని మేలుచేయుటయే పని. పది వెబ్‌సైట్లలోని నాలుగు వాక్యములను ఎత్తివ్రాసిన ఫ్లోరైడు పేజీ వెనుకబడినచో అది యంత్రము దోషము కాదు. విద్యార్థులు తమ ఊరి బావుల వివరములు సేకరించి, పరీక్షించిన నీటి ఫలితములను పట్టికగా వేసి, పటిక కలుపు క్రమమును బొమ్మలతో చూపినచో, అట్టి పేజీ వేరొక చోట దొరకదు. ఇతరులు దానికి లింకు నిచ్చుట అప్పుడు అడుగకయే జరుగును.

రోగమెరిగి మందు

నష్టము కలిగినపుడు చాలమంది చేయు మొదటి తప్పు తొందరపాటు. కారణమెరుగక శీర్షికలు మార్చుదురు, పేజీలు తొలగింతురు, చిరునామాలు దిద్దుదురు. అందుచేత మొదటి కారణము క్రొత్త మార్పుల క్రింద పూడిపోవును.

వెబ్‌సైటు యజమానులకు గూగుల్ ‘సెర్చ్ కన్సోల్’ అను ఉచిత సాధనము నిచ్చుచున్నది. అందు రెండు లెక్కలు ముఖ్యమైనవి. ఫలితములలో పేజీ ఎన్నిమార్లు కనబడినదో తెలుపునది ఒకటి. కనబడినపుడు ఎన్నిమార్లు దానిని తెరచిరో తెలుపునది రెండవది. రెండును ఒక్క దినమున పడిపోయినచో తాళము, చిరునామా, లిపివంటి అడ్డమును అనుమానింపవలెను. ఒక్క మాటకు మాత్రమే పడినచో పేరును, పోటీని చూడవలెను. రెండును మెల్లమెల్లగా తగ్గుచున్నచో పేజీలోని పసను విచారింపవలెను. కనబడుట తగ్గక, తెరచుట మాత్రము తగ్గినచో కారణము వేరు. 2024నుండి గూగుల్ అనేక ప్రశ్నలకు కృత్రిమ మేధతో కూర్చిన సంగ్రహ సమాధానమును ఫలితములకు పైననే చూపుచున్నది. సమాధానము అక్కడనే దొరకినవాడు పేజీవరకు రాకపోవచ్చును. ఇట్లు తగ్గినది పేజీ లోపముచేత కాదు.

పోల్చుటలోను జాగరూకత కావలెను. పాఠశాల వెబ్‌సైటుకు మార్చిలో వచ్చిన పాఠకులు మేలో రారు. అది వేసవి సెలవుల ఫలమే. మే నెలను కడచిన సంవత్సరపు మే నెలతోనే పోల్చవలెను. వేసవిలో బావినీరు తగ్గినంతనే ఊట ఎండినదనుకొనరాదు గదా!

ఉన్నత పాఠశాలలలో దీనిని ఒక చిన్న ప్రయోగముగా చేయవచ్చును. విద్యార్థులు తమ ఊరి పేరును తెలుగున రెండు మూడు రూపములలోను, ఇంగ్లీషులోను వ్రాసి వెదకి, ఏ రూపమునకు ఏ పేజీలు వచ్చినవో పట్టిక వేయవలెను. పాత జిల్లా పేరే నిలిచియున్న పేజీలెన్ని, 404 చూపునవెన్ని, తెలుగువలె కనబడియు తెలుగున వెదకినపుడు దొరకనివెన్ని యని లెక్కింపవలెను. తెలుగు వికీపీడియాలో తమ ఊరి వ్యాసమున తప్పున్నచో, ఆధారము చూపి దిద్దుటకు ఎవరికైనను హక్కు కలదు.

తెలంగాణమున కవులున్నారని నిరూపించుటకు 1934లో 354 మంది పేర్లను, పద్యములను ఒకచోట చేర్చవలసివచ్చెను. పేర్లు మాత్రమే అచ్చు వేసియున్నచో ఎవరును నమ్మియుండరు. పద్యములుండుటచేతనే ఆ గ్రంథము నిలిచినది. నేటి సూచికకును ఆ రెండే కావలెను: యంత్రము తప్పక గుర్తింపదగిన పేరు, చిరునామా ఒకటి, తెరచి చూచినవానికి ఉపయోగపడు విషయము రెండవది. మొదటిది లేనిచో పేజీ దొరకదు. రెండవది లేనిచో దొరకియు ఫలము లేదు.